524001ని చేత్తో విప్పడం: ఒక పెద్ద సంఖ్య లోపలికి మెట్టు మెట్టుగా

మొన్న ఆదివారం కొరియర్ కవరు మీద అడ్రసు రాస్తుంటే, పక్కన కూర్చున్న మా మేనకోడలు నెల్లూరు పిన్‌కోడ్ మీద వేలు పెట్టింది.

"మామా, 524001 ప్రైమ్ నంబరే కదా?"

"ఎట్లా చెప్పావే?"

"చివర ఒకటి ఉందిగా. చూస్తేనే తెలుస్తాంది, దేనికీ లొంగే రకం కాదని."

తొమ్మిదో తరగతి పిల్ల. తప్పు ఆమెది కాదు. 1తో ముగిసే పెద్ద సంఖ్యను చూస్తే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. కవరు పక్కన పడేసి, ఒక నోటుబుక్కు తీసి, ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం ఆ సంఖ్యను విప్పాం. ఆ పని వరస ఇది. మీకు కావలసింది కాగితం, పెన్ను, ఇరవై దాకా ఎక్కాలు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ సరిచూసుకోవడానికి మాత్రమే.

పిన్‌కోడే ఎందుకంటే, పాఠ్యపుస్తకంలో ఇచ్చే సంఖ్యలు ముందే వండిపెట్టినవి. 2, 3, 5, 7తో చక్కగా విరిగిపోయేలా ఎంచినవి. పిన్‌కోడ్ అట్లా కాదు. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి పెట్టినప్పుడు మొదటి అంకె ప్రాంతానికి, మొదటి మూడంకెలు కలిపి జిల్లా సార్టింగ్‌కి, చివరి మూడు పోస్టాఫీసుకి అని పంచారు. 524లో 5 మన తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక ఉన్న ప్రాంతం. 001 నెల్లూరు హెడ్ పోస్టాఫీసు. గణితం చూసి ఎవరూ పెట్టలేదు కాబట్టి, లోపల ఏముందో ముందుగా ఎవరికీ తెలియదు.

మొదటి మెట్టు: ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి

భాగహారాలు మొదలుపెట్టే ముందు వర్గమూలం అంచనా వేయాలి. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండూ వర్గమూలాన్ని మించి ఉండలేవు. ఒకటైనా దానికి లోపలే ఉండాలి. 723 × 723 = 522729. 724 × 724 = 524176, మన సంఖ్యను దాటింది. అంటే 723 లోపు ప్రధాన సంఖ్యలు చాలు. అవి మొత్తం 128.

128 భాగహారాలా అని మేనకోడలి మొహం వాడిపోయింది. కంగారు పడొద్దన్నాను. ఒక్క కారణాంకం దొరికినా సంఖ్య చిన్నదవుతుంది, దాంతో ఈ హద్దు కూడా దిగిపోతుంది. ఎన్నిటితో సరిపోయిందో చివర లెక్కపెడదాం.

రెండో మెట్టు: భాగించకుండానే తేలేవి

2, 5 కుదరవు, చివర 1 ఉంది. 3కి అంకెల మొత్తం: 5+2+4+0+0+1 = 12. 12ని 3 భాగిస్తుంది, 9 భాగించదు. కాబట్టి 3 సరిగ్గా ఒక్కసారే వస్తుంది. ఈ "ఒక్కసారే" అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పెద్ద పని చేస్తుంది. 524001 ÷ 3 = 174667. ప్రైమ్ అన్న మాట రెండో నిమిషంలోనే పోయింది.

ఇక 7, 11, 13. ఈ మూడింటికీ వేర్వేరు చిట్కాలు బట్టీ పట్టిస్తారు. నాకు నచ్చదు. 7 × 11 × 13 = 1001 అన్న ఒక్క సంగతి చాలు. ఆరంకెల సంఖ్యను మధ్యకు విరిచి, రెండు ముక్కల తేడా తీయండి. ఆ తేడాను 7, 11, 13లో ఏది భాగిస్తే అసలు సంఖ్యనూ అది భాగిస్తుంది. ఇక్కడ 524 − 1 = 523. దీన్ని 7తో భాగిస్తే 5, 11తో 6, 13తో 3 మిగులుతాయి. మూడూ ఒకేసారి పోయాయి. 523 అంటే ఒంగోలు వైపు పిన్‌కోడ్‌ల మొదటి మూడంకెలు కదా మామా అంది. నిజమే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు.

మూడో మెట్టు: కాస్త చెయ్యి నొప్పి పుట్టేవి

ఇప్పుడు మన చేతిలో ఉన్నది 174667. దీని వర్గమూలం 418కి కాస్త లోపు. 17తో భాగిస్తే 9 మిగిలింది. 19కి ఒక తేలిక పద్ధతి ఉంది. చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదానికి కలుపుతూ పోవాలి. 17466 + 14 = 17480. 1748 + 0 = 1748. 174 + 16 = 190. 19 + 0 = 19. చివరికి 19 వచ్చింది కాబట్టి 19 భాగిస్తుంది. 174667 ÷ 19 = 9193.

హద్దు ఎట్లా కూలిందో చూడండి. 9193 వర్గమూలం 96 లోపే. మళ్ళీ 19తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అదే కారణాంకం రెండోసారి కూడా ఉండొచ్చు. చాలామంది ఇక్కడే జారిపోతారు. 19తో శేషం 16. తర్వాత 23తో కూడా శేషం 16! ఏదో తప్పు చేశామనుకుని మళ్ళీ చేశాం. తప్పేమీ లేదు. 9177 అనే సంఖ్య 19 × 21 × 23 అవడం వల్ల, రెండింటికీ అదే దగ్గర ఆగి అదే 16 మిగిలింది. తర్వాత 29: 29 × 300 = 8700, మిగిలిన 493 అంటే 29 × 17. కాబట్టి 9193 = 29 × 317.

317 వర్గమూలం 18 లోపు. 17 దాకా ప్రధానాలేవీ అసలు సంఖ్యనే మిగులు లేకుండా భాగించలేదు, 3 ఒక్కటే భాగించింది, అదీ ఒక్కసారే. కాబట్టి 317ని మళ్ళీ పరీక్షించాల్సిన పని లేదు, అది ప్రధాన సంఖ్యే.

524001 = 3 × 19 × 29 × 317

వాడిన ప్రధానాలు 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29. మొత్తం పది. 128 అని భయపడ్డవాటిలో 118 మిగిలిపోయాయి.

నాలుగో మెట్టు: రెండో దారి, ఐదు ప్రయత్నాల్లో

ఇక్కడిదాకా బడిలో చెప్పేదే. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లాయరు పని చేస్తూ తీరిక వేళల్లో సంఖ్యలతో గడిపిన ఫెర్మా ఇంకో దారి చూపాడు. నాకు ఇదంటే ప్రాణం, అందుకని కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే అది వెంటనే విరిగిపోతుంది, ఎందుకంటే పెద్ద సంఖ్య వర్గం − చిన్న సంఖ్య వర్గం = (ఆ రెండు సంఖ్యల మొత్తం) × (వాటి తేడా). కాబట్టి 724 నుంచి పైకి పోతూ, ప్రతి సంఖ్య వర్గంలోంచి 524001 తీసేసి, మిగిలింది వర్గమా కాదా అని చూడాలి. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే 28వ ప్రయత్నంలో దొరుకుతుంది. కానీ అన్నీ చూడక్కర్లేదు. ముందు కూర్చుని జల్లెడ పట్టాలి.

మన సంఖ్యను 4తో భాగిస్తే 1 మిగులుతుంది. వర్గాలను 4తో భాగిస్తే సరి సంఖ్యల వర్గాలకు 0, బేసి వర్గాలకు 1 మిగులుతాయి. పెద్దది సరి సంఖ్య అయి చిన్నది బేసి అయితే తేడాకు శేషం 3 వస్తుంది, మనకు కావలసింది 1. కాబట్టి పెద్దది బేసి సంఖ్యే. సగం పోయాయి.

ఇప్పుడు చివరి అంకె. 3తో గానీ 7తో గానీ ముగిసే సంఖ్య వర్గం 9తో ముగుస్తుంది, అందులో 1 తీస్తే 8. ఏ వర్గమూ 8తో ముగియదు. అవీ పోయాయి. 1తో, 9తో ముగిసేవాటికి మిగిలేది 0తో ముగుస్తుంది. వర్గం 0తో ముగిస్తే తప్పనిసరిగా 00తోనే ముగియాలి. అంటే పెద్ద సంఖ్య వర్గం చివర 01 ఉండాలి. అలాంటివి 01, 49, 51, 99తో ముగిసేవి మాత్రమే. 5తో ముగిసేవి మాత్రం ఈ జల్లెడలోంచి జారవు.

724 నుంచి 751 దాకా మిగిలినవి ఐదే: 725, 735, 745, 749, 751. వరసగా మిగులు 1624, 16224, 31024, 37000, 40000. మొదటి నాలుగూ వర్గాలు కావు. చివరిది 200 వర్గం!

751² − 200² = 564001 − 40000 = 524001

మా మేనకోడలు "ఇది ఎవరో కావాలని పెట్టినట్టుందే" అంది. నాకూ అట్లాగే అనిపించింది. ఇంత శుభ్రమైన సున్నాలు పిన్‌కోడ్‌లో దొరకడం నా అదృష్టం, మీ ఊరికి దొరకకపోవచ్చు. ఇక 751 − 200 = 551, 751 + 200 = 951. 551 అంటే 19 × 29, 951 అంటే 3 × 317. ముందు దారిలో వచ్చిన నాలుగు ప్రధానాలే మళ్ళీ వచ్చాయి. మొదటి దారిలో చేసిన లెక్కకు ఇంతకన్నా మంచి తనిఖీ ఉండదు.

ఈ దారి ఎప్పుడు పనిచేస్తుందో తెలియాలంటే ఒంగోలు 523001 మీద ప్రయోగించండి. అది 31 × 16871. రెండు కారణాంకాలూ ఒకదానికొకటి ఆమడ దూరం. వాటి సగటు 8451. జల్లెడ లేకుండా 724 నుంచి బయల్దేరితే 7728వ ప్రయత్నంలో చేరతారు. మామూలు భాగహారమైతే 31 దగ్గరే మొదటిది దొరుకుతుంది. కానీ 16871 ప్రధానమని నమ్మాలంటే 127 దాకా పోవాలి. 127 వరకు ప్రధాన సంఖ్యలు ఎన్ని? 31. ఇదీ వట్టి కాకతాళీయమే.

ఇంటర్నెట్‌లో రహస్యాలకు తాళం వేసే ఆర్ఎస్ఏ పద్ధతి ఒంగోలు రకం సంఖ్యల మీదే నిలబడి ఉంది. సరిగ్గా రెండు ప్రధానాల లబ్ధం, కాకపోతే ఒక్కోటి వందల అంకెల పొడవు. 1977లో ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళకు తెలుసు, గుణించడం క్షణంలో అవుతుందనీ విప్పడమే కష్టమనీ.

ఐదో మెట్టు: భాజకాలు, వాటి మొత్తం

ప్రధాన కారణాంకాలు చేతికొచ్చాక మిగతావన్నీ దాదాపు ఊరికే వస్తాయి. మెస్సులో భోజనానికి కూర్చున్నామనుకోండి. పప్పు, వేపుడు, చేపల పులుసు, పెరుగు. ఒక్కోటీ కావాలనొచ్చు, వద్దనొచ్చు. ఎన్ని రకాల విస్తళ్ళు? 2 × 2 × 2 × 2 = 16. 524001కి భాజకాలు కూడా 16. ఏదీ వద్దన్న ఖాళీ విస్తరి 1, అన్నీ వేయించుకున్నది 524001. రాసి చూసుకోండి: 1, 3, 19, 29, 57, 87, 317, 551, 951, 1653, 6023, 9193, 18069, 27579, 174667, 524001.

మొత్తం కూడా అదే తీరు. (1+3)(1+19)(1+29)(1+317) = 4 × 20 × 30 × 318 = 763200. ఇందులోంచి ఆ సంఖ్యను తీసేస్తే 239199. అసలు సంఖ్యలో సగం కూడా రాలేదు. కాబట్టి ఇది లోటు సంఖ్య. సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటారు, 6, 28 లాగా.

ఆరో మెట్టు: ఎందరితో పొత్తు లేదు?

1 నుంచి 524001 దాకా ఉన్న సంఖ్యల్లో, మన సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఆయిలర్ సూత్రం ప్రకారం ప్రతి ప్రధానంలోంచీ ఒకటి తగ్గించి గుణించాలి: 2 × 18 × 28 × 316 = 318528. దీన్ని 524001తో భాగిస్తే 0.60788. సంఖ్యలన్నిటికీ ఈ నిష్పత్తి సగటు తీస్తూ పోతే అది చేరే విలువ 6ని π (3.14159...) వర్గంతో భాగిస్తే వచ్చే 0.60793. నాలుగో దశాంశం దగ్గరగానీ తేడా లేదు! ఈ ఒక్క విషయంలో నెల్లూరు సంఖ్య నూటికి నూరుపాళ్ళు సగటు మనిషి. దీనికి అర్థం వెతకొద్దు. జాతకాలు చూసేవాళ్ళకు అస్సలు చెప్పొద్దు.

ఏడో మెట్టు: 1ని దీంతో భాగిస్తే

1 ÷ 524001 దశాంశాల్లో రాస్తే కొన్ని అంకెల తర్వాత మళ్ళీ మొదటినుంచి తిరుగుతుంది. ఎన్ని అంకెల తర్వాత? ప్రతి ప్రధానానికీ విడిగా చూడాలి. 1/3లో ఒక అంకె, 1/19లో 18 అంకెలు, 1/29లో 28, 1/317లో 79. వీటి కసాగు 252 × 79 = 19908. పేజీకి వంద అంకెల చొప్పున రాస్తే 200 పేజీల నోటుబుక్కులో 199 పేజీలు నిండిపోయి, చివరి పేజీలో ఎనిమిది అంకెలు పడతాయి. అప్పుడు గానీ వరస మళ్ళీ మొదటికి రాదు. రాయమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఎనిమిదో మెట్టు: వర్గాల మొత్తంగా

రెండు వర్గాల తేడాగా రాశాం. రెండు వర్గాల మొత్తంగా? 4తో భాగిస్తే 1 మిగిలింది కాబట్టి అవుతుందేమో అని ఆశ పుడుతుంది. కాదు. రెండో మెట్టులో గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ వస్తుంది. ఏ వర్గాన్నయినా 3తో భాగిస్తే 0 గానీ 1 గానీ మిగులుతుంది, 2 ఎప్పుడూ రాదు. రెండు వర్గాల మొత్తాన్ని 3 భాగించాలంటే రెండూ 3తో భాగించబడాలి. అప్పుడు మొత్తాన్ని 9 కూడా భాగించి తీరాలి. మన అంకెల మొత్తం 12, 9 భాగించదు. అంతే, అసాధ్యం. కంప్యూటరు వేసి లక్ష జతలు వెతికించినా దొరకదు.

మూడు వర్గాలైతే కుదురుతుంది: 721² + 64² + 8² = 519841 + 4096 + 64. 723 నుంచి కిందికి దిగుతూ మూడో ప్రయత్నంలో దొరికింది.

తొమ్మిదో మెట్టు: పక్కింటివాళ్ళు

ఒక సంఖ్యను చూసేటప్పుడు చుట్టుపక్కల కూడా చూడాలి. 2ని 19 సార్లు గుణిస్తే 524288. మనకన్నా 287 ఎక్కువ. అందుకే 524001ని 0, 1లతో రాస్తే 19 అంకెలు వస్తాయి: 1111111111011100001. పద్నాలుగు ఒకట్లు, ఐదు సున్నాలు.

524288కి ఒక్కటి తక్కువ 524287. ఇది ప్రధాన సంఖ్య. 1588లో ఇటలీలో కటాల్డి అనే ఆయన ప్రధాన సంఖ్యల పట్టిక ఒకటి తయారుచేసుకుని, ఒక్కోదానితో భాగిస్తూ తేల్చాడు. దాని వర్గమూలం కూడా 724 దగ్గరే. అంటే మా మేనకోడలు భయపడిన ఆ 128 ప్రధానాలే. మనకు పదో దానితో పనైపోయింది, ఆయనకు మధ్యలో ఆగే వీలే లేదు. ఆ కష్టానికి దక్కింది ఏడో పరిపూర్ణ సంఖ్య, 137438691328. 524287ని 524288లో సగంతో గుణిస్తే వచ్చేది అదే. లోటు సంఖ్య పక్క వీధిలోనే అది పుట్టిందన్నమాట.

పదో మెట్టు: నాలుగు ఎక్కువా, తక్కువా?

నెల్లూరు సంఖ్యకు నాలుగు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, ఒంగోలుకు రెండు. ఇంత పెద్ద సంఖ్యకు మామూలుగా ఎన్ని ఉంటాయి? దీనికి జవాబు చెప్పినవాళ్ళలో ఒకాయనకు నెల్లూరుతో ముడి ఉంది. 1910 డిసెంబరులో ఉద్యోగం లేని రామానుజన్, సిఫారసు ఉత్తరం పట్టుకుని అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు దగ్గరకు వెళ్ళాడు. ఆ కలెక్టరు భారత గణిత సంఘం కార్యదర్శి కూడా. నోటుపుస్తకాలు చూసి, కొన్నాళ్ళు నెలకు 25 రూపాయలు తన చేతినుంచే ఇచ్చాడు.

ఏడేళ్ళ తర్వాత, 1917లో, ఇంగ్లండు గణితజ్ఞుడు హార్డీతో కలిసి రామానుజన్ తేల్చిన సంగతి ఇది: దాదాపు అన్ని సంఖ్యలకూ వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఎన్ని అన్న లెక్క, ఆ సంఖ్య సహజ సంవర్గమానానికి (నేచురల్ లాగరిథం) మళ్ళీ సంవర్గమానం తీస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. 524001కి మొదటిసారి 13.17, రెండోసారి 2.58. ఈ సిద్ధాంతం అసలు బలం బ్రహ్మాండమైన సంఖ్యల దగ్గరే. ఆరంకెలకు ఇది చూచాయ లెక్క మాత్రమే. అయినా రెండు మూడు అని అర్థం. నాలుగున్న నెల్లూరు కాస్త సంపన్నం, రెండున్న ఒంగోలు మామూలే. ఒంగోలు చుట్టాలకు ఈ మాట ఫోన్‌లో చెప్పాను, గిత్తల సంగతి ఎత్తి నా నోరు మూయించారు.

కవరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. అది వెళ్ళాల్సింది కావలికి, 524201. మేనకోడలు దాన్ని కూడా నోటుబుక్కులోకి ఎక్కించి, మూడు కారణాంకాలుంటాయని ఐస్‌క్రీం పందెం కట్టింది. మధ్యకు విరిస్తే తేడా 323 వచ్చింది, 7, 11, 13 మూడూ పోయాయి. 17తో 6 మిగిలింది, 19తో 10. దీపాలు పెట్టే వేళకు 97 దాటింది, ఒక్కటీ లొంగలేదు. "ఇంకెన్ని ఉన్నాయి మామా?" అంది. 723 దాకా అన్నాను. పేజీ తిప్పి 101 అని రాసుకుంది.